కరిచింది ఏ పాము?

తొలకరి పడగానే పొలం పని మొదలవుతుంది. నారు పీకాలన్నా, నాటు వేయాలన్నా, కలుపు తీయాలన్నా నడుం వంచి చేయి మట్టిలో పెట్టాల్సిందే. ఆ వానలకే బొరియల్లోకి నీళ్ళు చేరి పాములు గట్లమీదికి వస్తాయి. ఎలకల వెంటబడి గడ్డివాముల్లోకి, గుడిసెల్లోకి వస్తాయి. మన దేశంలో పాముకాటు చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే జరుగుతున్నాయంటే కారణమిదే.

2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఈ చావులు ఎక్కువగా జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వీళ్ళలో పట్నాల మేడల్లో వుండేవాళ్ళు ఎందరు? చెప్పుల్లేని కాళ్ళతో చేలో దిగేవాళ్ళు, కటికనేల మీద పడుకునేవాళ్ళే ఈ లెక్కలో ఎక్కువ.

కాటు పడగానే ఊళ్ళో పుట్టే మొదటి ప్రశ్న, “ఏ పామురా?” నలుగురు కర్రలు పట్టుకుని పాముకోసం వెతుకుతారు. చంపి తెచ్చి ఇది ఫలానా అని ఒకరు, కాదని ఒకరు వాదన పెట్టుకుంటారు. ఈలోగా గంట గడుస్తుంది. పాముల సంగతి మనం తెలుసుకోవాలి. అయితే ఆ తెలివి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ప్రాణం తీస్తుందో కూడా తెలుసుకోవాలి.

నాలుగు పాములు

మన పొలాల్లో ప్రాణం తీసే కాట్లలో అత్యధికం నాలుగు పాములవే.

నాగుపాము పడగ విప్పితే ఎవరైనా గుర్తుపడతారు. పడగ విప్పనప్పుడు జెర్రిపోతుకీ దానికీ తేడా తెలియక పొరపడేవాళ్ళు చాలామంది.

కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది. ఒంటిమీద సన్నని తెల్లచారలు, తరచు జంటలు జంటలుగా వుంటాయి. రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా వుండవు. గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, కళ్ళు మూతలు పడుతున్నాయంటాడు, మాట ముద్దగా వస్తుంది. “రాత్రి తిన్నది అరగలేదు” అనుకుని వాము నీళ్ళు ఇచ్చి కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది.

రక్తపింజర బరువుగా వుంటుంది. వీపుమీద గొలుసులాగా మూడు వరసల మచ్చలు. కుక్కర్ కూత పెట్టినట్టు గట్టిగా బుసకొడుతుంది. కొన్నిచోట్ల కాటుకరేకుల పామంటారు. దీని కాటుకు కాలు వాస్తుంది, చిగుళ్ళనుంచి రక్తం కారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నాలుగోది చిన్నపింజర. అడుగు, రెండడుగులకు మించదు. మెట్టపొలాల్లో, రాళ్ళగుట్టల దగ్గర వుంటుంది. చుట్టలు చుట్టుకుని పొలుసుల్ని ఒకదానికొకటి రాసి, రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. చిన్నదే కదా అని తీసిపారేయకూడదు.

ఇక పోలికల చిక్కు. కట్లపాములాగే చారలుండి విషం లేని పాము మన ఇళ్ళ గోడల్లో తిరుగుతుంటుంది. దాని చారలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోకవైపు మాసిపోతాయి. కట్లపాము చారలు మెడ దగ్గర మసకగా వుండి తోకవైపు స్పష్టమవుతాయి. మచ్చలున్న పూడుపాము పిల్లను చూసి రక్తపింజర అనుకుంటారు. రక్తపింజర పిల్లను చూసి కొండచిలువ అనుకుని చేత్తో పట్టుకున్నవాళ్ళూ వున్నారు. చీకట్లో, భయంలో, రెప్పపాటులో చూసిన పాము పేరు చెప్పడం ఎంత అనుభవమున్నవాడికైనా కష్టమే.

మంత్రం పారిన రహస్యం

“ఫలానా ఆయన మంత్రమేస్తే ఎందరో బతికారు” అంటారు. బతికినమాట నిజమే. మన చుట్టూ వుండే పాముల్లో ఎక్కువ భాగం జెర్రిపోతు, నీరుకట్టె, పసిరిక వంటి ప్రాణభయం లేనివే. విషపు పాము కరిచినా ప్రతిసారీ విషం దిగదు. అలాంటి కాటు పడినవాడు మంత్రం వేసినా బతుకుతాడు, వేయకపోయినా బతుకుతాడు. నిజంగా విషం దిగినవాడు చనిపోతే మాత్రం “ఆలస్యంగా తెచ్చారు, ఆయువు తీరింది” అంటారు. అంటే మంత్రగాడి పేరు నిలిచేది పాము పేరు తెలియకపోవడం మీద.

పేరు తెలియకున్నా మందు ఒకటే

కూలీలందరూ గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఇది: మన దేశంలో వాడే పాముకాటు మందు ఈ నాలుగు పాములకూ కలిపి చేసినదే. పాముల్ని పట్టడంలో ఆరితేరిన తమిళనాడు ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకుని, విషం తీసి సరఫరా చేస్తూ వచ్చారు. ఆ విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంనుంచి మందు తీస్తారు. చదువుకోని గిరిజన శ్రామికుల నేర్పు ఇందరి ప్రాణాలు కాపాడుతోంది.

కాబట్టి “పామును తెచ్చారా? ఏ పామో చెప్పండి” అని ఆస్పత్రిలో ఎవరైనా అడిగితే, తెలియదని ధైర్యంగా చెప్పవచ్చు. డాక్టరు చూడవలసింది రోగి లక్షణాలు. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా వుంచితే, గడ్డకట్టిందో లేదో చూసి పింజర విషం సంగతి తేల్చవచ్చు. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కనురెప్పలు వాలుతుంటే కట్లపాము, నాగుపాము విషమని అనుమానించాలి.

పామును వెతకవద్దు. చచ్చిన పాము తల కూడా కాసేపటివరకు కాటు వేయగలదు. కాటుపడిన మనిషిని నడిపించవద్దు. ఉంగరాలు, కడియాలు, మట్టెలు తీసేయండి. కాలికో చేతికో కర్ర ఆసరా కట్టి కదలకుండా వుంచండి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం వద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిమీద ఆస్పత్రికి చేర్చండి.

సర్కారు బాధ్యత

2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు పెచ్చుపెరిగాయి. అప్పుడు ఆస్పత్రుల్లో మందుతోపాటు మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. యాగానికి పెట్టే ప్రతి రూపాయీ కూలీల కాళ్ళకు బూట్లుగా, చేతికి టార్చిలైట్లుగా రావలసిన సొమ్ము.

పాముకాటు చావుల్ని 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రతి కాటునూ, ప్రతి చావునూ తప్పనిసరిగా నమోదు చేయాలని అదే ఏడాది నవంబరులో రాష్ట్రాలకు రాసింది. కాగితం మీద బాగానే వుంది. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ రాత్రి మందు వుందా, ఇవ్వడానికి డాక్టరు వున్నాడా అన్నదే అసలు ప్రశ్న. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబీమా పట్టాదారులకోసం రూపొందింది. పట్టా లేని కౌలుదారుకూ, పాము పడగ కిందే పనిచేసే కూలీకీ అందులో చోటు దక్కలేదు.

వ్యవసాయ కార్మిక సంఘాలు నాట్లకు ముందే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి మందు సీసాలు ఎన్ని వున్నాయో, వాటి గడువు ఎప్పటివరకుందో లెక్క అడగాలి. కాటుపడిన ప్రతివాడి పేరూ ఆస్పత్రి రిజిస్టరులో ఎక్కించాలి. ఆ కాగితం లేకపోతే రేపు నష్టపరిహారం అడగడానికి ఆధారముండదు. నాట్ల కాలమంతా రాత్రీ పగలూ మందు, డాక్టరు అందుబాటులో వుండాలని, కూలీలకు బూట్లు ఇవ్వాలని, చనిపోయిన కూలీ కుటుంబానికి పరిహారం చెల్లించాలని సంఘటితంగా పోరాడాలి. పాముకాటును తలరాతగా ఒప్పుకున్నంతకాలం మందు సీసాలకు లెక్క చెప్పే నాథుడుండడు.