ఆర్గన్ రాని పల్లెలో డప్పు ఏమైంది?

ఐరోపాలో ఒక చర్చి చరిత్ర రాసేవారు దాని పైప్ ఆర్గన్ల చరిత్రనూ రాస్తారు. ఏ సంవత్సరం కొన్నారు, ఎవరు విరాళమిచ్చారు, ఎన్ని గొట్టాలు, ఎప్పుడు మరమ్మతు చేశారు అన్నవన్నీ సంఘపు దస్తరాల్లో దొరుకుతాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల చర్చిలను ఈ పద్ధతిలో పరిశీలిస్తే వేరే ప్రశ్న ముందుకొస్తుంది. ఆర్గన్ రాని ఈ పల్లెల్లో, విశ్వాసుల చేతుల్లో అప్పటికే ఉన్న డప్పు ఏమైంది?

ఆర్గన్ కొనగలగడం సంపదకు గుర్తు. తిత్తులు, చెక్క గాలిపెట్టెలు, వందలాది గొట్టాలు ఉండే ఆ వాయిద్యానికి జీతగాడైన వాదకుడూ, శ్రుతి సరిచేసే నిపుణుడూ కావాలి. మన తేమకు చెక్క ఉబ్బుతుంది, తోలు చెడుతుంది, చెదలు పడతాయి. దంటు కప్పిన ప్రార్థనశాలలో కూర్చున్న పాలేళ్లకు అది అందని వస్తువు.

ఈ సీమకు క్రైస్తవం అనేక దారుల్లో వచ్చింది. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌ను నిలిపారు. చర్చ్ మిషనరీ సొసైటీ 1854లో ఏలూరు చేరింది. కెనడియన్ బాప్టిస్టులు కొల్లేటి అంచున ఆకివీడులో కేంద్రం పెట్టారు. అయితే పల్లెల్లో సంఘాలను కట్టింది ప్రధానంగా దళితులే. రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందిన తర్వాతే సొసైటీ పని పల్లెలకు విస్తరించింది.

ఆర్గన్ స్థానాన్ని హార్మోనియం పూరించింది. 1842లో పారిస్‌లో డెబెయిన్ పేటెంటు పొందిన ఆ పెట్టె, కలకత్తాలో చేతితిత్తి రూపం దాల్చి భుజాన మోయగలిగేంత చిన్నదైంది. దానితో పాడిన తెలుగు కీర్తనలకు రాగతాళాలు కర్ణాటక సంగీతం నుంచి వచ్చాయి. వాటి తొలి రచయితల్లో ప్రముఖుడు పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు. దోర్నకల్ బిషప్‌గా 1912లో నియమితులైన అజరయ్య భజనలనూ కోలాటాన్నీ ఆదరించారు. పరదేశి బాణీని స్వదేశీకరించిన ఈ కృషి గౌరవించదగినది. కానీ ‘స్వదేశీ’ అన్నప్పుడు ఎవరి స్వదేశం అని అడగక తప్పదు. దొరల ఆర్గన్‌కూ అగ్రహారపు రాగానికీ నడుమ మాదిగ డప్పుకు చోటు మిగల్లేదు.

ఈ మౌనాన్ని మిషనరీల దురభిమానంగా మాత్రమే చూస్తే చరిత్రకు న్యాయం జరగదు. డప్పు కొట్టడం కళ మాత్రమే కాదు, వెట్టి కూడా. జాతరకూ చాటింపుకూ చావుకూ ఊరు పిలిస్తే వెళ్లవలసిందే. జాన్ క్లవ్ కాలంలో ఒంగోలు మాదిగ క్రైస్తవులు జాతర్లలో డప్పు కొట్టబోమన్నప్పుడు గ్రామాధికారుల ఆగ్రహాన్ని చవిచూశారు. వారు కాదన్నది డప్పును మోయించిన కట్టుబాటును. ఆ కర్రలను కింద పెట్టడం ఆనాటి తిరుగుబాటు. తరవాతి తరాలకు ఆ తిరుగుబాటు గుర్తులేదు. డప్పు అపవిత్రమన్న భావన మాత్రం మిగిలింది. కులం నేర్పిన ఏవగింపు భక్తి వేషంలో చర్చిలోకి వచ్చింది.

చర్చిలో కులం ఉండదని రాజ్యం అంటున్న కాలంలో ఇది సంగీత చర్చతో ముగియదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. దళిత క్రైస్తవులను బయటే ఉంచింది. మన రాష్ట్రం వారిని బి.సి.–సి వర్గంలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టింది. ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చి 24న శాసనసభ తీర్మానించినా కేంద్రం ఉత్తర్వును సవరించలేదు. మాలపల్లెకొక మందిరం, మాదిగపల్లెకొక మందిరం ఉన్న ఊళ్లు కులం మతం గడప దగ్గర ఆగదని చెబుతూనే ఉన్నాయి.

సంఘ పెద్దలూ, వేదాంత కళాశాలలూ ఇప్పుడు చేయదగిన పని ఒకటుంది. సంఘ చరిత్రలో దొరల పేర్లూ శంకుస్థాపన తేదీలతో పాటు ఎవరు డప్పు వదిలారు, ఎందుకు వదిలారు, ఏ శిక్ష అనుభవించారు అన్నది వృద్ధులు బతికుండగానే రాయించాలి. డప్పును ఆరాధనలోకి తెచ్చుకోవాలా వద్దా అన్నది ఆ కుటుంబాల వారే తేల్చుకోవాలి. తెచ్చుకుంటే మాత్రం దాన్ని మాదిగలకే అప్పగించి పక్కన నిలబడకూడదు. అన్ని చేతులూ నేర్చుకున్న రోజున డప్పు కులవృత్తి కాకుండా పోతుంది.