పక్షుల చెరువు కింద వరి సాగు: నేలపట్టు, పులికాట్ ప్రాంత రైతులకు సూచనలు



ఈశాన్య రుతుపవనాల వానలు పడి చెరువుల్లో నీరు చేరగానే తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని నేలపట్టుకు గూడబాతులు వస్తాయి. చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. వాటితో పాటు ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు చేరతాయి. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు బారులు తీరుతాయి. ఇవన్నీ చూడటానికి చెన్నై, నెల్లూరు, తిరుపతి నుంచి జనం కార్లేసుకుని వస్తారు. మనం నాట్లు వేసేది, యూరియా చల్లేది, పురుగుమందు కొట్టేది కూడా సరిగ్గా ఈ నెలల్లోనే. కాబట్టి చెరువు కింద ఎకరం, రెండెకరాలు చేసుకునే వారు కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి.

నేలపట్టును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. గూడబాతు గూడు పెట్టేది ఇక్కడే అయినా మేతకు పులికాట్‌కు, చుట్టుపక్కల చెరువులకు పోతుంది. అక్కడ తిన్న చేప ఇక్కడ రెట్టగా చెరువులో పడుతుంది. ఆ రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. చెరువు నీరు పారిన మడి పచ్చగా ఉంటుందని మన పెద్దలు అనుభవం మీద చెప్పేది ఇందువల్లే. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు 18వ శతాబ్దం చివరలోనే తమ చెరువు పక్షులను ఎవరూ కాల్చకుండా దొరల దగ్గర కౌలు పత్రం రాయించుకున్నారు. పక్షి మీద ప్రేమ ఎంతో, వరి మీద ప్రేమా అంతే!

యూరియా విషయంలో

ఇలాంటి నీరు పారే పొలంలో పక్క ఊరి వాళ్లు వేశారని అదే మోతాదు యూరియా వేస్తే ఖర్చు దండగ కావడమే కాదు, పైరు మెత్తబడి అగ్గితెగులు, సుడిదోమ, కాండం తొలుచు పురుగు ఎక్కువవుతాయి. బీపీటీ 5204 వేసిన వారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఆ రకం అగ్గితెగులును తట్టుకోలేదు. నెల్లూరు మసూరి (ఎన్ఎల్ఆర్ 34449) కొంత తట్టుకుంటుంది. రెట్ట నీటిలో ఎంత నత్రజని ఉందన్నది చెరువును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది కనుక నేను ఇక్కడ ఒక లెక్క చెప్పను. వేసవిలో భూసార పరీక్ష చేయించండి. ఒక మడిలో పైపాటు యూరియా తగ్గించి చూడండి. ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంటే తర్వాతి దఫా ఆపండి.

పురుగుమందుల విషయంలో

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మడిలో చల్లిన గుళికలను పక్షులు గింజలనుకుని ఏరుకుంటాయి, లేదా విషం తిన్న నత్తను, చేపను తింటాయి. ఫోరేట్ గుళికలను 2020 చివరి నుంచి దేశంలో నిషేధించారు. పాత డబ్బా ఇంట్లో ఉన్నా వాడకండి. కార్బోఫ్యూరాన్ పక్షులకు అతి విషం, చెరువు కింది పొలాల్లో దాని జోలికే పోవద్దు.

కాండం తొలుచు పురుగుకు నాటే ముందు నారు కొనలు తుంచండి, గుడ్ల సముదాయాలు అక్కడే పోతాయి. ఎకరాకు 3 లింగాకర్షక బుట్టలు పెట్టి ఉధృతి చూడండి. మందు తప్పదనుకుంటే క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 శాతం గుళికలు ఎకరాకు 4 కిలోలు పలుచటి నీటిలో, ఇసుకతో కలిపి చల్లుకోవచ్చు. చల్లాక వారం పాటు ఆ మడి నీటిని కాలువలోకి వదలకండి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చేపలను చంపుతాయి. చేప లేని చోట గూడబాతు ఉండదు.

కొంగలు కొత్త నాట్లు తొక్కుతున్నాయని కొందరు అంటారు. ఆ మాట నిజమే. కానీ నత్తగుల్ల కొంగ తినేది మన మడుల్లోని నత్తలనే. నాటిన తొలి పది రోజులు గట్ల మీద మెరిసే రిబ్బను కట్టుకోండి, చాలు. టపాకాయలు పేల్చడం, వల పన్నడం, విషం పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు దాకా తీసుకెళ్లే పనులు.

నీరు మరో చిక్కు. ఫిబ్రవరి, మార్చిలో మన పైరు గింజ కట్టే వేళకు గూళ్లలో పిల్లలు ఇంకా ఎగరలేని స్థితిలో ఉండొచ్చు. చెట్ల కింద నీరు ఎండితే కుక్కలు, నక్కలు చెట్ల మొదళ్ల దాకా వస్తాయి, పెద్ద పక్షులు గూళ్లు వదిలేస్తాయి. పిలకల దశలో 2 నుంచి 3 సెంటీమీటర్ల నీరు చాలు. మడి నిండా నిలబెట్టాల్సిన పని లేదు. పూత నుంచి పాలు పోసుకునే దాకా 5 సెంటీమీటర్లు ఉంచి, కోతకు 10 రోజుల ముందు ఆపేయండి. తూము ఎప్పుడు తీయాలో ఆయకట్టు రైతులంతా అటవీ సిబ్బందితో కూర్చుని డిసెంబరులోనే మాట్లాడుకుంటే మార్చిలో గొడవ ఉండదు.

వచ్చే జనంతో

సూళ్లూరుపేట కేంద్రంగా జరిగే ఫ్లెమింగో పండుగ 2025లో జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. ఆ మూడు రోజులే కాదు, సీజన్‌లో ప్రతి ఆదివారం జనం ఉంటారు. చేతిలో పెట్టుబడి లేని రైతు కాటేజీలు, రిసార్టులు అని అప్పు చేయడం నాకు సమ్మతం కాదు. జనం ఉండేది ఏడాదిలో నాలుగైదు నెలలే, అదీ వాన బాగా పడిన ఏడాదే. చెరువు నిండకపోతే పక్షి రాదు, పక్షి రాకపోతే కారు రాదు, వడ్డీ మాత్రం ఆగదు.

ఉన్నవాటితో చేయగలిగింది చాలా ఉంది. కాల్చిన తేగలకు అదే సీజన్. ఉడకబెట్టిన వేరుశనగకాయలు, కొబ్బరి బోండాలు, ఇంట్లో కొట్టిన అరిసెలు పట్నం వాళ్లు అడిగి మరీ కొంటారు. మొలగొలుకుల బియ్యం పండించే వారుంటే కిలో, రెండు కిలోల సంచుల్లో కట్టండి. బస్తాగా మిల్లుకు వేసే ధరకూ దీనికీ పోలికే ఉండదు. పొదుపు సంఘం మహిళలు కలిసి చేస్తే మేలు. తినుబండారాలు అమ్మడానికి ఆహార భద్రత నమోదు తీసుకోవాలి, చిన్న వ్యాపారులకు రుసుం స్వల్పమే. రక్షిత కేంద్రం హద్దు లోపల అంగడి పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

కార్లు మీ గట్ల మీద ఎక్కకుండా రోడ్డు పక్క బీడులో తాడు కట్టి చోటు చూపించండి, కొద్దిగా రుసుం తీసుకోండి. మందు కొట్టిన మడి దగ్గర ఎర్ర గుడ్డ కట్టి, పిల్లలను దిగనివ్వద్దని చెప్పండి. ఖాళీ మందు డబ్బాలు గట్టు మీద వదిలేయకండి. ఫొటోల కోసం చెట్ల కిందకు పోతామనే వారిని, పాటలు పెట్టే వారిని మీరే వారించండి, మీ మాటకు అక్కడ విలువ ఉంటుంది. చూడటానికి ఉదయం 6 నుంచి 9 మంచి వేళ. ఆ సమయంలో పక్షుల దగ్గరి మడుల్లో పిచికారీ పెట్టుకోకండి, సాయంత్రం గాలి తగ్గాక కొట్టుకోండి.

భూసార పరీక్షకు మట్టి నమూనా తీసే పద్ధతి, ఇప్పుడు సిఫార్సులో ఉన్న మందుల జాబితా మీ రైతు సేవా కేంద్రంలో ఉంటాయి. వెళ్లేటప్పుడు పాత రసీదులు, కిందటేడు వేసిన ఎరువుల వివరాలు తీసుకెళ్లండి.