పత్తిచేలలో అక్షరాభ్యాసము

పురుగుమందు డబ్బామీద మూలపై నిలిపిన చతురస్రమొకటి ఉండును. దాని క్రింది సగము ఎరుపైనచో అత్యంత విషమనియు, పసుపైనచో మిక్కిలి విషమనియు, నీలమైనచో ఒక మోస్తరనియు, ఆకుపచ్చయైనచో స్వల్పమనియు 1971 నాటి నియమావళి నిర్ణయించినది. రంగును ఎవరైనను గుర్తింతురు. కాని ఏ పంటకెంత మోతాదు, చల్లిన పిమ్మట ఎన్నాళ్లకు కాయ కోయవచ్చును, విషము సోకినచో విరుగుడేమి అనునవి సూక్ష్మాక్షరములలో ఉండుటచే, గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి, మిరప చేలలో ఆ మందు కలుపు కూలీలలో అనేకులకు అవి అందుటలేదు. 2011 జనాభా లెక్కలలో ప్రకాశము జిల్లా స్త్రీల అక్షరాస్యత 53 శాతము మాత్రమే.

ఈ సీమకు చదువుపై మక్కువ లేదనుట అన్యాయము. వేటపాలెములో సారస్వత నికేతన గ్రంథాలయము 1918లోనే వెలసినది. గుంటూరులో ఉన్నవ దంపతులు 1922లో బాలికల విద్యకై శారదానికేతనమును నెలకొల్పిరి. అయినను పొలములో ప్రొద్దు గడపిన పెద్దవారి యొద్దకు ఆ విద్య చేరలేదు.

చేరినపుడేమగునో పొరుగున నెల్లూరు చూపినది. 1990ల తొలినాళ్ల అక్షరాస్యతోద్యమములో రాత్రిబడుల స్త్రీలు సారావలన చితికిన సంసారమును గూర్చిన ‘సీతమ్మ కథ’ చదివి, అది తమ కథయేయని గ్రహించిరి. ఆ జిల్లాలోని దూబగుంట గ్రామమున రోశమ్మ అను ఆమె ముందు నిలువగా అచ్చటి స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఊరూర వ్యాపించిన ఆ పోరాటమునకు తలయొగ్గి 1993 అక్టోబరు 1న ప్రభుత్వము రాష్ట్రమంతట సారాను నిషేధించెను. అక్షరము బ్రదుకునుండి వచ్చినందుననే అంతటి బలము కలిగినదని నా దృఢవిశ్వాసము.

తెలుగుతోపాటు నేడు అవసరమైన ఇంగ్లీషును సైతము ఇట్లే బ్రదుకునుండియే నేర్పవలెను. వ్యాకరణముతో మొదలిడక, మందుడబ్బాపై పేరు, బ్యాంకు చీటీ, సెల్‌ఫోనులో వచ్చు ఓటీపీ సందేశము, పొదుపు సంఘపు పాసుపుస్తకము, ఇవే పాఠములు కావలెను. 2022లో ఆరంభమై ‘ఉల్లాస్’ పేర నడచుచున్న కేంద్ర కార్యక్రమము 15 ఏండ్లు దాటినవారికి వాలంటీర్లచే చదువు, వ్రాత, లెక్కలతోపాటు ఆర్థిక, డిజిటల్ విషయములను నేర్పింపదలచినది. ఇది సరియైన దారి.

ఇక వేళ సంగతి. పత్తితీతలు, మిరపకోతలు ముమ్మరమైన నెలలలో తెల్లవారకముందే ఆటో ఎక్కి చీకటిపడి ఇల్లు చేరు స్త్రీని రాత్రి తరగతికి రాలేదని నిందించుట తగదు. కోతలలో వారమునకొక దినమైనను నడపి, వేసవిలో ప్రతిదినము నడపవలెను. పదవ తరగతి చదివిన ఆ ఊరి కోడలే పలక పట్టి “అత్తా, ఈ అక్షరము చదువు” అన్నచో, పరాయి ఉపాధ్యాయుని యెదుట నోరు విప్పని అత్త తప్పైనను పలుకును. ఆ కోడలికి నెలనెలా గౌరవ వేతనమును తప్పక ఇయ్యవలెను.