ఫోన్ చేతిలోనే ఉంది, మరి డబ్బులెలా పోయాయి?

పోయిన ఎపిసోడ్‌లో పాస్‌వర్డ్‌ల గురించి మాట్లాడుకున్నాం కదా, ఇవాళ ఫోన్ సంగతి చూద్దాం.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. రేపల్లె దగ్గర మా మేనమామ రొయ్యల చెరువులు చేస్తారు. ఒకరోజు ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కార్డు ఆగిపోతుంది’ అని ఫోనొచ్చింది. మెసేజ్‌లో వచ్చిన 6 అంకెలు చదివి వినిపించారు. 42 వేలు పోయాయి. తెనాలిలో ఉన్న నాకు ఫోన్ చేసి, "ఫోన్ నా చేతిలోనే ఉందిరా, మరి డబ్బులెట్టా పోయినయ్?" అన్నారు. ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి కూడా ఆ పూట సూటిగా సమాధానం చెప్పలేకపోయాను. ఇవాళ చెప్తాను.

ఓటీపీ అంటే ఒక చీటీ. బ్యాంకు సర్వర్ దాన్ని మీ నంబర్‌కి పంపిస్తుంది. తిరిగి ఆ అంకెలు ఎవరు టైప్ చేశారో సర్వర్‌కి తెలియదు, చీటీ సరిపోయిందా లేదా అనే చూస్తుంది. అంటే ఫోన్ మీ చేతిలో ఉన్నా చీటీ మాత్రం నోటిమాటగా బయటికి వెళ్లిపోతుందన్నమాట.

2016లో వచ్చిన యూపీఐ ఇంకో దారి పట్టింది. యాప్ పెట్టుకునేటప్పుడు మీ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది, గమనించారా? దాంతో ఆ నంబర్‌నీ, ఆ ఫోన్‌నీ కలిపి ముడేస్తారు. ఆ పైన మీ పిన్. తెనాలి మార్కెట్లో మీ పిన్ ఎవరైనా తొంగి చూసినా, ఆ ఫోన్ లేకుండా పిన్ ఒక్కదానితో డబ్బు తీయలేరు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. కొట్టమన్నారంటే మోసమే.

ఇంకో అడుగు ముందుకేసింది పాస్‌కీ. ఇది చీటీ కాదు, ముద్ర లాంటిది. రహస్య తాళం ఫోన్ లోపలే ఉంటుంది. సైట్ ఒక ప్రశ్న పంపితే, మీరు వేలిముద్ర వేశాక ఫోన్ దాని మీద ముద్ర కొట్టి పంపుతుంది. చదివి వినిపించడానికి అంకెలే ఉండవు. పైగా ఆ తాళం అసలు సైట్ పేరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి నకిలీ సైట్‌లో పని చెయ్యదు. 2023 నుంచి గూగుల్ అకౌంట్‌కి ఇది పెట్టుకోవచ్చు.

బాపట్లలో నాతో బీటెక్ చదివిన ఫ్రెండ్ అడిగాడు, "ఫోనే పోతే?" అని. వేలిముద్రో, స్క్రీన్ లాకో లేకుండా దొంగకి పాస్‌కీ పని చెయ్యదు. గూగుల్ అకౌంట్‌లో దాచుకున్న పాస్‌కీలు కొత్త ఫోన్‌లోకి మళ్లీ వస్తాయి. సిమ్ మాత్రం వెంటనే బ్లాక్ చేయించండి.

బ్యాంకులూ మారుతున్నాయి. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా వేరే పద్ధతులకీ చోటిస్తూ రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో నిబంధనలు ఇచ్చింది. అయినా ఓటీపీ ఇంకొన్నాళ్లు మనతోనే ఉంటుంది.

మోసం జరిగితే సిగ్గుపడి కూర్చోకండి, ఆ నిమిషమే 1930కి ఫోన్ చెయ్యండి. మావయ్య రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఆ డబ్బు చేతులు మారిపోయింది.

ఈ వీడియో మీ ఇంట్లో పెద్దవాళ్లకి పక్కన కూర్చుని చూపించండి. ఉంటాను.