రాబోయే ఫోన్ కోసం ఆగమంటున్నారా?

"ఇప్పుడే కొనకు, ఇంకో మూడు నెలల్లో కొత్త మోడల్ వస్తోందట. బ్యాటరీ పెద్దదట, కెమెరా అద్భుతమట!" ఈ మాట మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది. కొడుకో, మరిదో, పక్కింటి కుర్రాడో ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. ఆ "అట"లన్నీ నమ్మి మనం కొనడం వాయిదా వేస్తాం. తీరా ఆ మోడల్ బజారులోకి రాగానే, దాని తర్వాత వచ్చే మోడల్ గురించి మళ్ళీ "అట"లు మొదలు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

అలాగని ఈ ఊహాగానాలన్నీ కొట్టిపారేయడానికీ లేదు. కొన్ని నిజమవుతాయి. కొన్ని ఏడాది ఆలస్యంగా వస్తాయి. కొన్ని అసలే రావు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వీటిని ఏరడం తెలిస్తే, దేని కోసం ఆగాలో దేని కోసం ఆగక్కర్లేదో మనమే తేల్చుకోవచ్చు. చీటీ పాడిన డబ్బో, పండక్కి దాచిన డబ్బో పెట్టి కొనే వస్తువు కదా, ఆ మాత్రం తెలుసుకోవద్దూ!

ఈ కబుర్లు ఎక్కడ పుడతాయి?

ఒక ఫోన్ ఒక్క కంపెనీలో తయారవదు. తెర ఒకచోట, కెమెరా ఇంకోచోట, చిప్ మరోచోట తయారై ఒక్కచోట చేరతాయి. అంత మంది చేతులు పడినప్పుడు గుట్టు దాగడం కష్టం. పైగా కవర్లు తయారుచేసే వాళ్ళకి ఫోన్ పొడవు వెడల్పులు ముందే కావాలి. అందుకే కొత్త ఫోన్ కంటే ముందు దాని కవరు బొమ్మ బయటికొస్తుంది.

ఇవి కాక ప్రభుత్వాల దగ్గర నమోదు ఉంటుంది. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ, అమెరికాలో ఎఫ్‌సీసీ, చైనాలో 3సీ అనుమతులు ఉండాలి. ఆ పట్టికల్లో కొన్నిసార్లు బ్యాటరీ, ఛార్జర్ వివరాలు కూడా కనిపిస్తాయి. ఇలా కాగితం మీద దొరికిన కబురుకి విలువ ఎక్కువ. "లోపలి మనిషి ఒకాయన చెప్పాడట" అన్న కబురుకి విలువ తక్కువ. పెళ్ళి సంబంధాల్లో అయినా అంతే కదా!

నిజమైనవీ, తప్పినవీ

శాంసంగ్ గెలాక్సీ ఎస్25 సంగతే తీసుకోండి. అది 2025 జనవరిలో వచ్చింది. అంతకుముందు ఏడాది మన దేశంలో అమ్మిన ఎస్24లో శాంసంగ్ సొంత చిప్ ఎక్సినోస్ ఉండేది. ఎస్25లో ఏ చిప్ వస్తుందోనని నెలల తరబడి చర్చించుకున్నారు. చివరికి ప్రపంచమంతటా స్నాప్‌డ్రాగనే వచ్చింది. ర్యామ్ 8 నుంచి 12 జీబీకి పెరుగుతుందన్న కబురు కూడా నిజమైంది. కానీ చిన్న ఎస్25 బ్యాటరీ మాత్రం ఎస్24లో ఉన్న 4000 ఎంఏహెచ్ దగ్గరే ఆగిపోయింది.

ఇక ఐఫోన్ 13 సంగతి. టవర్ లేని చోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే వీలు అందులో ఉంటుందని 2021లో గట్టిగా ప్రచారం జరిగింది. రాలేదు. మరుసటి ఏడాది ఐఫోన్ 14లో వచ్చింది, అదీ మొదట అమెరికా, కెనడా వాళ్ళకే. చూశారా, కబురు నిజమైనా మనదాకా రావాలని లేదు!

2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రోలో నొక్కితే కదలని బటన్లు ఉంటాయన్నారు. అవి రానేలేదు, మామూలు బటన్లే వచ్చాయి. అదే ఏడాది ఐఫోన్‌కి సీ-టైప్ ఛార్జింగ్ వస్తుందన్నది మాత్రం అక్షరాలా జరిగింది. కారణం ఏమిటంటే, 2024 డిసెంబర్ 28 నుంచి అమ్మే ఫోన్లకి అదే ఉండాలని ఐరోపా సమాఖ్య అప్పటికే చట్టం చేసింది. వెనక చట్టం ఉన్న కబురు గట్టిదన్నమాట.

చివరికి ఆ ఫోన్ ఎవరి చేతికి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాలా ఇళ్ళల్లో కొత్త ఫోన్ పిల్లలకో, మగవాళ్ళకో వెళ్తుంది. వాళ్ళు రెండు మూడేళ్ళు వాడాక అది అమ్మ చేతికొస్తుంది. అమ్మ దగ్గర్నుంచి నానమ్మకో అమ్మమ్మకో వెళ్తుంది. అంటే ఫోన్ ముసలిదయ్యాక దాని కష్టాలన్నీ పడేది మనమే. గ్యాస్ బుక్ చేయాలన్నా, ఊళ్ళో ఉన్న పిల్లతో వీడియోలో మాట్లాడాలన్నా మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంది.

కాబట్టి రాబోయే ఫోన్ గురించి ఎవరేం చెప్పినా, "అయిదో ఏడు ఇది ఎలా ఉంటుంది?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం హంగులు పక్కకు పోతాయి.

బ్యాటరీ: కొత్త ఫోన్లలో నిజంగా జరుగుతున్న మార్పు ఇదే. పాత బ్యాటరీల్లో లిథియంని పట్టి ఉంచేది గ్రాఫైట్. దాని బదులు కొంత సిలికాన్ కలిపితే అంతే చోట్లో ఎక్కువ ఛార్జ్ పడుతుంది. చిక్కేమిటంటే, లిథియం ఎక్కినప్పుడు సిలికాన్ నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది. అందుకే కార్బన్‌తో జతచేసి అదుపులో పెడతారు. 2025 జనవరిలో మన దేశానికొచ్చిన వన్‌ప్లస్ 13లో ఇలాంటి బ్యాటరీయే, 6000 ఎంఏహెచ్‌ది ఉంది. శాంసంగ్ అల్ట్రా మోడళ్ళలో మాత్రం 2020 నాటి ఎస్20 నుంచి 2025 నాటి ఎస్25 దాకా 5000 అంకె కదల్లేదు. 2016లో నోట్ 7 ఫోన్లు కాలిపోయి అన్నీ వెనక్కి తీసుకున్న కంపెనీ ఆచితూచి అడుగేస్తోందని నా ఊహ. మిగతావాళ్ళు పెంచుకుంటూ పోతే ఎప్పటికైనా వీళ్ళకీ పెంచక తప్పదు.

ర్యామ్, స్టోరేజీ: ఫోన్‌లోనే కృత్రిమ మేధ పనిచేయాలంటే ర్యామ్ ఎక్కువ కావాలి కాబట్టి పెరుగుతుందనే అనుకోవచ్చు. కానీ 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఆ భారం ఫోన్ ధర మీదైనా పడాలి, లేదా చౌక మోడల్లో ర్యామ్ అయినా తగ్గాలి. కాబట్టి అంకె సరిచూడకుండా కొనకండి. మనకి ర్యామ్ కంటే స్టోరేజీ ముఖ్యం. పెళ్ళి వీడియోలూ, శుభోదయం బొమ్మలూ కలిసి 128 జీబీని నింపడం ఎంతసేపు!

కెమెరా: 200 మెగాపిక్సెల్ అనగానే కళ్ళు తిప్పుకోకండి. 2023లో వచ్చిన ఎస్23 అల్ట్రాలో అది ఉంది. మామూలుగా ఫొటో తీసినప్పుడు పదహారేసి చుక్కలు కలిపి ఒక్కటి చేసి, చివరికి పన్నెండు మెగాపిక్సెల్ చిల్లర ఫొటోయే ఇస్తుంది. చీకట్లో వెలుగు బాగా పట్టడానికి ఆ ఏర్పాటు మంచిదే. అంతేగాని అంకె పెద్దదైనంత మాత్రాన బొమ్మ పదింతలు బాగుండదు.

ఎన్నాళ్ళు ఆదరిస్తారు: 2023 అక్టోబర్‌లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నారు. 2025 జూన్ 20 నుంచి ఐరోపాలో ఇంకో నిబంధన వచ్చింది. ఫోన్ బ్యాటరీ 800 సార్లు పూర్తిగా ఛార్జ్ చేశాక కూడా కనీసం 80 శాతం సత్తా నిలుపుకోవాలట. అక్కడి కోసం చేసిన మంచి బ్యాటరీ మన మోడళ్ళలోనూ వస్తుందని ఆశపడటంలో తప్పులేదు. కానీ కొనేముందు మన దేశపు పెట్టె మీద ఏం రాసుందో చూసుకోవాలి.

ఆగాలా, కొనాలా?

1. ఉన్న ఫోన్ నడుస్తూ ఛార్జింగ్ మాత్రమే నిలవకపోతే, ముందు కంపెనీ వారి సర్వీసు సెంటర్లో బ్యాటరీ మార్చడానికెంతో అడగండి. అది మార్పిస్తే తీరిగ్గా ఆగవచ్చు.

2. ఫోన్ వెనక భాగం ఉబ్బి పైకి లేస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ఛార్జింగ్ పెట్టడం మానేసి వెంటనే చూపించండి. నొక్కి సరిచేయాలని చూడకండి.

3. కొత్త మోడల్ రావడం వల్ల పాతది చవకవుతుంది. 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ 15 రాగానే 79,900 రూపాయల ఐఫోన్ 14 ధర 69,900 అయింది. కొత్తదాని కోసం కాకపోయినా, ఈ తగ్గింపు కోసం ఆగడం తెలివైన పనే. అయితే పాత మోడల్‌కి అప్‌డేట్లు ఇంకెన్నేళ్ళు మిగిలాయో లెక్కేసుకోండి.

4. ఒక హంగు కోసం ఆగాలనుకుంటే, అది లేక ఇప్పుడు మీకు ఏ పని ఆగిందో ఒక కాగితం మీద రాయండి. రాయడానికేమీ తోచకపోతే ఆగక్కర్లేదు.

5. సులభ వాయిదాలైనా సరే, వాయిదా తీరేలోపు ఇంకో మోడల్ వస్తుందని గుర్తుంచుకోండి.

ఇంకొక్క మాట. ఈసారి ఇంట్లో ఫోన్ కొనే చర్చ వచ్చినప్పుడు వంటింట్లోంచి వినడంతో సరిపెట్టకండి. వచ్చి కూర్చోండి. బ్యాటరీ ఎంత, అప్‌డేట్లు ఎన్నేళ్ళు, స్టోరేజీ ఎంత అని మూడు ప్రశ్నలు అడగండి. వీలైతే నాలుగోది కూడా అడగండి: "ఈసారి కొత్తది నాకెందుకు కొనకూడదు?"