మీకు తెలుసా? పాదాలకూ ఓ వైద్యముంది!

పెడిక్యూర్ అనగానే గులాబీ రేకులు తేలే గోరువెచ్చని నీళ్ల టబ్బే కదా గుర్తొచ్చేది? మెడికల్ పెడిక్యూర్‌లో చాలాచోట్ల ఆ టబ్బే ఉండదు! పనంతా పొడికాలి మీదే. చర్మం నానితే ఉబ్బిపోతుంది, ఎంత చెక్కాలో అంచనా దొరకదు. పొడిగా ఉంటే ఆనెకాయ అంచు స్పష్టంగా కనిపిస్తుంది!

టబ్బు చేసిన పాపమేమిటి అంటారా? ఇది వినండి! 2000లో కాలిఫోర్నియాలో ఓ నెయిల్ సెలూన్. సుడులు తిరిగే నీళ్లలో కాళ్లు పెట్టి, మెరిసే గోళ్లతో ఇంటికెళ్లారు. తర్వాత పిక్కల మీద సెగ్గడ్డలు లేచాయి. ఎన్నాళ్లకీ మానవు! ఒకరికీ ఇద్దరికీ కాదు, ఏకంగా 110 మందికి! టబ్బు విప్పి చూస్తే ఏముంది? నీళ్లు లాగే జాలీ వెనక వెంట్రుకలు, చర్మపు తుక్కు! క్షయ క్రిమికి దూరపు చుట్టం ఒకటి అక్కడ హాయిగా కాపురం పెట్టింది. పైగా, వెళ్లేముందు కాళ్లకు రేజర్ వాడినవాళ్లకే ముప్పు ఎక్కువట!

అందుకే అసలైన మెడికల్ పెడిక్యూర్ చేసేచోట పరికరాలన్నీ ఆటోక్లేవ్‌లోకి వెళ్లాల్సిందే. అందులో ఆవిరి వేడి 121 డిగ్రీలు! మీ వంటింటి ప్రెషర్ కుక్కర్ కిటుకే ఇది!

మరి మాల్స్‌లో కాళ్లు కొరికే చేపలు? నిజానికి గర్రా రూఫా చేపలకు పళ్లే లేవు! ఆకలితో ఉంచితేనే మన చర్మం జోలికొస్తాయి, పాపం. ఒకరి కాలు నాకిన చేపను ఆటోక్లేవ్‌లో పెట్టలేం కదా! అమెరికాలో 10కి పైగా రాష్ట్రాలు వీటిని నిషేధించాయి.

మడమలే ఎందుకు పగులుతాయో తెలుసా? అరికాలిలో నూనె గ్రంథి ఒక్కటీ లేదు! చెమట గ్రంథులు మాత్రం రెండు పాదాలకూ కలిపి సుమారు 2.5 లక్షలు!

పొలంలో చల్లే యూరియా తెలుసుగా? పగుళ్ల క్రీముల్లోనూ అదే! కాస్త కలిపితే చర్మంలో తేమ నిలుపుతుంది. 40 శాతానికి చేరిందా, గోరునే మెత్తబరిచేస్తుంది! పాడైన గోరును కత్తి పెట్టకుండానే తీసేయొచ్చు. అలాగని బస్తాలోది తీసి రాసుకునేరు!

బొటనవేలి గోరు ఊడితే మళ్లీ పూర్తిగా రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది! అంటే ఇవాళ మీరు కత్తిరించిన ముక్క నిరుడెప్పుడో పుట్టింది!

ఇక నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఓ నైలాన్ పోగు. షుగర్ ఉన్నవాళ్లను కళ్లు మూసుకోమంటారు. పోగు కొసను అరికాలికి ఆనించి, అది విల్లులా వంగేదాకా నొక్కుతారు. తగిలితే ‘ఆఁ’ అనాలి. అంతే పరీక్ష! ఆ పోగు వంగేది సరిగ్గా 10 గ్రాముల బరువుకే. అదీ తెలియలేదంటే, ఆ పాదం మేకు గుచ్చుకున్నా చెప్పదు! మండుటెండలో గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి, బొబ్బలు చూసుకునేదాకా కాలిన సంగతే తెలియనివాళ్లు ఉన్నారు!

షుగర్ ఉన్నవాళ్లు వేసుకునే మెత్తని ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పుల కథ ఎక్కడిదో ఊహించండి. కుష్ఠు వైద్యానిది! డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు వచ్చారు. స్పర్శ లేని పాదాలకు పుండ్లు పడేది వ్యాధి తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక ఒకేచోట బరువు మోపడం వల్ల అని ఆయన బృందం తేల్చింది. అక్కడి నుంచే చెప్పుల మీద పరిశోధన!

మలేరియా దోమకు కాళ్ల కంపంటే మహా ఇష్టం! లింబర్గర్ అనే చీజ్ వాసనకూ అంతే ఇదిగా వస్తుంది. ఈ సంగతి కనిపెట్టినవాళ్లకు 2006లో ఇగ్ నోబెల్ ఇచ్చారు!

చివరగా ఇంకొకటి, చెవి ఇలా పెట్టండి! అబ్రహాం లింకన్‌కు సొంతంగా ఓ పాదాల వైద్యుడుండేవాడు. పేరు ఐజకార్ జకరీ. ఆయన పనికి మెచ్చి, 1862లో లింకన్ స్వహస్తాలతో యోగ్యతా పత్రమే రాసిచ్చాడు! అంతటితో ఆగలేదు. అంతర్యుద్ధం నడుస్తుండగానే ఈ ఆనెకాయల డాక్టరు శత్రుపక్షం రాజధాని రిచ్‌మండ్ వెళ్లి, అక్కడి మంత్రులతో సంధి మాటలు మాట్లాడి వచ్చాడు!