నక్కపిల్లకు నిద్రేదీ?

‘ఇంకొక్క ఐదు నిమిషాలమ్మా..’ రాత్రి పదకొండింటికి పిల్లల గదిలోంచి ఈ మాట వినిపిస్తోందా? తెర మీద ‘ట్యూనిక్’ ఉంటే ఆ ఐదు నిమిషాలను నమ్మొద్దు.

2022లో వచ్చిన ఈ వీడియోగేమ్ చూడముచ్చటగా ఉంటుంది. ఆకుపచ్చ చొక్కా తొడుక్కున్న బుల్లి నక్క, కత్తి, డాలు.. అచ్చం పాతకాలం సాహసాల ఆటే. చిక్కల్లా పజిళ్లతోనే. ఎలా ఆడాలో చెప్పే పుస్తకం పేజీలను ఆటలోనే ఒక్కొక్కటీ వెతుక్కోవాలి. తీరా దొరికాక చూస్తే చాలావరకు కల్పిత లిపి! బొమ్మలను బట్టి ఊహించుకోవాల్సిందే. గంటసేపు కుస్తీ పట్టినా దారి దొరక్కపోతే పెద్దవాళ్లకే ఒళ్లు మండుతుంది.

అప్పుడు కంట్రోలర్ లాక్కుంటే కోపం రెట్టింపవుతుంది. ‘దగ్గర్లోని విగ్రహం దాకా వెళ్లి ఆపెయ్’ అనండి. ఆట అక్కడ సేవ్ అవుతుంది. పడుకునే ముందు ఉద్రేకం నిద్రను దూరం చేస్తుంది. ఒకే దారిలో చిక్కుకున్న ఆలోచనకు విరామమిస్తే మర్నాడు కొత్త ఉపాయం తట్టొచ్చు. శత్రువుల దెబ్బలకే విసుగొస్తుంటే సెట్టింగుల్లో ఓటమి లేకుండా ఆడే వీలుంది. పజిళ్లకు మాత్రం అది అక్కరకు రాదు.

చిరాకుపడినంత మాత్రాన వ్యసనం కాదు. ఆటను అదుపు చేసుకోలేకపోవటం, చదువు, స్నేహాల కన్నా అదే ముఖ్యమైపోవటం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవటం.. ఇవి సాధారణంగా 12 నెలలు కొనసాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’గా పరిగణిస్తుంది. తీవ్రంగా ఉంటే అన్నాళ్లు ఆగకుండా మానసిక నిపుణులను కలవాలి.

ఆదివారం పగలు మీరూ పక్కన కూర్చోండి. పుస్తకం అంచుల్లో పెన్నుతో గీసినట్టున్న గుర్తులుంటాయి. పత్రికల్లో తేడాలు కనిపెట్టే తాతయ్యకు అవే ముందు కనిపించొచ్చు.